చిజిక్ ఆశ్రయగృహం, 1974 నాటి సమాఖ్య: తొలి సభ మినిట్స్ ఎక్కడ దొరుకుతాయి?

గృహహింస బాధితుల కోసం 1971లో లండన్‌లోని చిజిక్‌లో ఎరిన్ పిజ్జీ ప్రారంభించిన ఆశ్రయగృహం, 1979లో చిజిక్ ఫ్యామిలీ రెస్క్యూగా, 1993లో రెఫ్యూజ్‌గా పేరు మార్చుకున్న క్రమంపై ఒక వ్యాసం రాస్తున్నాను. బ్రిటన్‌లోని ఆశ్రయగృహాలు కలిసి 1974లో నేషనల్ విమెన్స్ ఎయిడ్ ఫెడరేషన్‌ను ఏర్పాటు చేసుకున్న ఘట్టం దగ్గర నా పని ఆగిపోయింది.

మొదట 1971-79 పత్రికల్లో 'రెఫ్యూజ్' అని వెతకడం నా పొరపాటే; అప్పటికి ఆ పేరు లేదు, పైగా అది మామూలు పదం కావడంతో సంబంధం లేని వార్తలే కుప్పలుగా వచ్చాయి. ఆ ఇంటి తొలి పేరైన 'చిజిక్ విమెన్స్ ఎయిడ్' అని వెతికితే ఇంట్లో కిక్కిరిసిన జనం గురించి కావలసినంత దొరికింది: 36 మందికి మించరాదని స్థానిక కౌన్సిల్ నోటీసు ఇచ్చిన ఆ ఇంట్లో తనిఖీ నాడు 75 మంది ఉన్నారు, ఆ కేసు 1977లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. సమాఖ్యతో చిజిక్ బృందం విభేదించిందని తర్వాతి రచనలు చెబుతున్నాయి గానీ, నాకు కావలసింది ఆనాటి పత్రం.

1974 వ్యవస్థాపక సభ మినిట్స్‌ను ఏ గ్రంథాలయంలో లేదా ఆర్కైవ్‌లో, ఏ సేకరణ పేరుతో అడగాలో, స్వయంగా చూసినవారు చెప్పగలరా?