బాబు ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు, రెండు మాటలు కలిపించడం ఎలా?

బాబుకి 2 ఏళ్ల 8 నెలలు. చెప్పింది బాగానే అర్థమవుతుంది. "చెప్పులు తెచ్చి తాతకివ్వు" అంటే తెచ్చిస్తాడు. పిలిస్తే చూస్తాడు, కావాల్సింది వేలితో చూపిస్తాడు. సొంతంగా అనే మాటలు పాతిక దాకా ఉంటాయి: అమ్మ, పాలు, బంతి, దా, పో లాంటివి. రెండు కలిపి మాత్రం ఒక్కసారీ అనలేదు. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు రెండింట్లోనూ వినికిడి మామూలుగానే ఉంది. ఆటిజం స్క్రీనింగ్‌లోనూ అనుమానం లేదన్నారు.

జిల్లా డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రం) స్పీచ్ థెరపీ వారానికోసారి, అరగంట. మిగతా రోజులు ఇంట్లో మేమే చేయిస్తున్నాం. ఫోను, టీవీ పూర్తిగా ఆపేశాం. ఏదైనా అడిగితే వెంటనే ఇవ్వకుండా 5 సెకన్లు ఆగుతున్నాం. "పాలా, నీళ్లా?" అని రెండూ చూపించి అడుగుతున్నాం. ఈ రెండింటితో కొత్త మాటలు వచ్చాయి, అందులో సందేహం లేదు.

చిక్కల్లా మాట పెంచి చెప్పడం దగ్గరే. వాడు "బంతి" అంటే మేం "బంతి ఇవ్వు" అంటాం. వెంటనే "ఇవ్వు" అని ఊరుకుంటాడు. ఎప్పుడూ చివరి మాటే పట్టుకుంటాడు, మొదటిది జారిపోతుంది. నెమ్మదిగా, సాగదీసి చెప్పినా అంతే. మధ్యలో ఆగి "బంతి..." అని వదిలేస్తే "ఇవ్వు" అని పూర్తి చేస్తాడు గానీ రెండూ తనంతట తాను అనడు. "అను, అను" అని బలవంతపెడితే మూతి బిగిస్తాడు కాబట్టి అది మానేశాం. దొరికే సలహాలేమో ఎక్కువగా ఇంగ్లీషు మాటల వరసకి సరిపోయేవే.

తెలుగు పిల్లలతో పనిచేసే థెరపిస్టులు, ఈ దశ దాటించిన తల్లిదండ్రులు చెప్పండి: మొదటి జంట మాటలుగా "ఇంకా పాలు" లాంటివి ముందు పట్టుకోవాలా, "బంతి ఇవ్వు" లాంటివా?