అప్‌డేట్: వంటగట్టు నల్లరాయి గ్రానైటేనా? తేలిపోయింది

నెల కిందట అడిగాను: బెంగళూరు మారతహళ్లిలో మా వంటగట్టుకు ‘బ్లాక్ గ్రానైట్’ అని రాయి అమ్మారు, మా అమ్మాయి పుస్తకంలోనేమో గ్రానైట్ లేతరంగు రాయి అని ఉంది, మోసపోయామా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

సింక్ కోసం కోసిన ముక్కను ఎవరికైనా చూపించమన్న సలహాయే పనికొచ్చింది. జియాలజీ చెప్పే ఒక మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాం. పాలిష్ వైపు ఆవిడ అసలు చూడలేదు. విరిగిన అంచు తడిపి, లెన్స్ కింద పెట్టి అమ్మాయికి చూపించారు: పైరాక్సీన్ అనే నల్లటి ఖనిజం మధ్య సన్నటి పుల్లల్లా ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం. ఇది డోలరైట్. గ్రానైట్‌లాగే అగ్నిశిల, అంటే భూమి లోపలి కరిగిన రాయి (మాగ్మా) చల్లారి గడ్డకట్టింది. కానీ గ్రానైట్‌లో సిలికా సుమారు 70 శాతం, ఇందులో 50 దగ్గర. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ, అందుకే ఆ నలుపు, ఆ బరువు. ఇదే మాగ్మా చాలా లోతులో నిదానంగా చల్లారితే పెద్ద స్ఫటికాల గాబ్రో, లావాగా పైకొచ్చి త్వరగా గడ్డకడితే బసాల్ట్. పగుళ్లలోకి దూరి మధ్యస్తంగా చల్లారింది మా గట్టు మీదికొచ్చింది! రాళ్ల వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా గ్రానైటేనట. మోసమేమీ లేదు.

రాయి మీద నిమ్మరసం వేసి చూస్తే మచ్చ పడలేదు, అంటే పాలరాయి కాదని మాత్రమే తెలిసింది. అయస్కాంతంతో ఏమీ తేలలేదు. రంగు పూశారేమోనన్న టెన్షన్ మాత్రం థిన్నర్ అద్దిన తెల్లగుడ్డతో రుద్దాక పోయింది, మరక అంటలేదు.

అమ్మాయి ఇప్పుడు బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని రాతిగుట్టకు తీసుకెళ్లమంటోంది. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి ‘నైస్’ (gneiss) అనే రకం రాయి. ఆదివారం వెళ్తున్నాం.