అతి పేద కుటుంబాలకు మేకలు ఇస్తే సరిపోతుందా?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
భూమి లేని, ఒంటరి మహిళలే ఇంటిపెద్దలుగా ఉన్న నలభై కుటుంబాలకు తలా మూడు మేకలు ఇవ్వాలని మా మహిళా సమాఖ్యలో అనుకుంటున్నాము. ఇదివరకు ఇలాగే ఇస్తే మొదటి ఎండాకాలానికే సగం సంతకు చేరాయి. కరువో జబ్బో వచ్చినా ఆ కుటుంబం నిలబడాలంటే పథకాన్ని ఎలా రూపొందించాలి?

జవాబు 1 (మెదక్):
బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిలో పశువు ఒక భాగం మాత్రమే. దాని మీద రాబడి మొదలయ్యేదాకా తిండిఖర్చు, పొదుపు, వైద్యం, రెండేళ్లపాటు ఇంటికి వచ్చి మంచిచెడ్డలు చూసే మనిషి, ఇవన్నీ కలిసి ఉంటాయి. ఇదే పద్ధతి పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్‌లో ఏళ్ల తరబడి ఫలితమిచ్చింది కానీ మా మెదక్‌లో నిలవలేదు. పశువుల రాబడి పెరిగిన మేరకు కూలి రాబడి తగ్గడంతో, పథకంలో చేరనివారికీ వీరికీ పెద్ద తేడా లేకపోయింది. మేకల వెంట తిరిగే మనిషి ఏ కూలి వదులుకుంటున్నదో ముందే లెక్క వేయండి.

జవాబు 2 (మక్తల్):
అమ్మకం వెనుక అప్పు ఉంటుందండీ. మా పక్కింటి అత్త కూతురి కాన్పు కోసం కూలీలను పనులకు తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, అతడు వచ్చి గడపలో కూర్చుంటే చూలు మేకను నాలుగు వేలకే తోలేసింది. ఆ పూట సంఘం ఒక మూడు వేలు చేతిలో పెట్టగలిగి ఉంటే మేక మిగిలేది. తీర్మానాలు, సంతకాలు తరువాత చూసుకోవచ్చు.

జవాబు 3 (నాగర్‌కర్నూల్, పశువైద్య సహాయకుడిని):
సంతలో కొన్న రోజే పంచకండి; రెండు మూడు వారాలు విడిగా ఉంచి, పారుడు రోగం టీకా వేయించాకే ఇవ్వండి. తొలకరి లేత గడ్డి మేసిన జీవాలు చిటుకు రోగంతో తెల్లారేసరికి చచ్చి పడి ఉంటాయి కనుక ఆ టీకా వానలకు ముందే పడాలి. బీమా చేయిస్తే మేక చెవికి వేసే గుర్తింపు పోగు ఊడకుండా చూసుకోమనండి, అది లేకపోతే డబ్బు రావడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. తలా రెండు మేకలే ఇచ్చి, మూడోదాని సొమ్మును అత్యవసర నిధిగా ఊళ్లోని సంఘం దగ్గరే ఉంచాలని రేపటి సమావేశంలో ప్రతిపాదిస్తాను. మేపలేని ముసలివాళ్లు ఆరుగురు ఉన్నారు, వారికి మాత్రం మేకలు వద్దనే అనుకుంటున్నాను.