పోచమ్మ రాయి ముందు మిషన్ వాళ్లు చేసిన వాదం ఎక్కడిది?

దేవరకొండ నుంచి:
మా తాత చిన్నప్పుడు మిషన్ ప్రచారకులు పోచమ్మ దగ్గర వేపచెట్టు కింద నిలబడి "ఈ రాయికి కళ్లు పెట్టిన్రు గానీ చూస్తదా, సాక పోస్తే తాగుతదా" అని అడిగేవాళ్లట. మళ్లీ వాళ్లే ఇంకోరోజు వచ్చి "అందులో దయ్యముంది, మొక్కొద్దు" అనేవాళ్లట. ఉత్త రాయైతే దయ్యం ఎట్లుంటది? ఈ మాటలు ఇక్కడ పుట్టినవా, బయటి నుంచి తెచ్చినవా? మతాల కొట్లాట వద్దు, చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లగొండ, చరిత్ర విద్యార్థి:
రెండూ బైబిల్లోవే. నోరుండీ మాట్లాడవు అన్నది 115వ కీర్తన. యెషయా 44 ఇంకా ఘాటు: ఒకడు చెట్టు కొట్టి, సగం పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకుని, మిగిలిన సగాన్ని దేవుడిగా చెక్కి దానికే సాగిలపడతాడు. ఇక పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8వ అధ్యాయంలో విగ్రహం వట్టిదంటాడు, 10కి వచ్చేసరికి ఆ బలులు దయ్యాలకు పోతున్నాయంటాడు. బొమ్మలో ఏమీ లేకపోయినా పూజను దయ్యం అందుకుంటుందని ఆయన ఉద్దేశం కాబట్టి ఆయనకది తిరకాసుగా అనిపించలేదు, వినేవాళ్లకు మాత్రం మీ తాతగారి డౌటే వస్తుంది.

మూడోది, దేవుళ్లంతా ఒకప్పటి రాజులూ వీరులే అనే వాదం. అది క్రైస్తవులది కాదు, క్రీ.పూ. 300 ప్రాంతంలో యూహెమెరస్ అనే గ్రీకువాడు అన్నది. అగస్టీన్ లాంటి తొలినాటి క్రైస్తవ పండితులు దాన్ని తీసుకుని గ్రీకు, రోమన్ దేవుళ్ల మీదికే తిప్పారు. మాటలతో ఆగనివాళ్లూ ఉన్నారు, జర్మనీలో బోనిఫేస్ అనే క్రైస్తవ ప్రచారకుడు 723 ప్రాంతంలో జనం కొలిచే ఓక్ చెట్టునే నరికాడు.

పాలమూరు నుంచి:
మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, అందుకే చెప్తున్నా. నల్లగొండలో 1890లో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవాడు. అట్లాంటి దొరల వాదనకు లొంగి మా ముత్తాత మారలేదు. బలిపోతుకు డప్పు కొట్టేది మావాళ్లు, ఊళ్లోని రామాలయం గడప తొక్కనియ్యనిదీ మావాళ్లనే. బడిలో అందరితో పాటు కూర్చోబెట్టారు, అది లెక్కలోకొచ్చింది. రాయిని తిట్టడం ఇప్పటికీ నాకు నచ్చదు, మా నాయనమ్మ తోబుట్టువులు ఆ రాయికే బోనం ఎత్తేవాళ్లు.

నకిరేకల్ నుంచి:
ఒక్క మాట కలుపుతా. అందరూ తిట్టడానికే రాలేదు. 1706లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ తమిళుల్ని కూర్చోబెట్టి అడిగి వాళ్ల దేవతల వివరాలన్నీ 1713 నాటికి పుస్తకంగా రాశాడు, గ్రామదేవతలతో సహా. ఆ తమిళులూ ఊరుకోలేదు, పరమాత్మ ఒక్కడే, రూపాలే అనేకం అని ఎదురు చెప్పారు. జర్మనీలోని హాలె పట్టణంలో ఉన్న మిషన్ పెద్దలు ఆ పుస్తకాన్ని అచ్చెయ్యనివ్వలేదు, మిమ్మల్ని పంపింది అన్యమతాన్ని తుడిచిపెట్టడానికి గానీ దాన్ని యూరప్‌లో ప్రచారం చెయ్యడానికి కాదన్నారు. 1867లో గానీ మద్రాసులో వెలుగు చూడలేదు.

దేవరకొండ అన్నా, ఆ రోజు వేపచెట్టు కింద ఊరోళ్లు ఏం జవాబు చెప్పారో తాతను అడిగి రాయండి. మిషన్ రిపోర్టుల్లో దొరల మాటలే ఎక్కువ దొరుకుతాయి.