“ఏమి విత్తునో ఆ పంటనే కోయును”: కష్టంలో ఉన్నవారిని చూసి ఈ మాట అనవచ్చా?

చర్చ ప్రారంభించినవారు:
అందరికీ వందనాలు. బైబిలులో గలతీయులకు రాసిన పత్రిక 6:7లో అపొస్తలుడైన పౌలు “మోసపోకుడి, దేవుడు వెక్కిరింపబడడు, మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును” అన్నాడు. ఇతరులపట్ల మనం నడుచుకున్న తీరే తిరిగి మనకు ఎదురవుతుందని బోధించేవారు తరచుగా ఈ వచనాన్నే ఎత్తుకుంటారు. పదిమందిని ఏడిపించినవాడు మంచాన పడితే “విత్తినదే కోస్తున్నాడు” అనే మాట విశ్వాసుల నోటనే వినబడుతుంది. అలా తీర్పు చెప్పే అధికారాన్ని ఈ వచనం మనకు ఇస్తున్నదా? లేఖనాధారంతో సమాధానమివ్వగోరుతున్నాను.

మొదటి సభ్యుడు:
ఇస్తున్నదనే నా అభిప్రాయం. యాకోబు మేకపిల్లల చర్మాలు చేతులకు కప్పుకొని కన్నతండ్రిని మోసగించాడు. ఏళ్లు గడిచాక అతని కుమారులు మేకపిల్ల రక్తంలో ముంచిన అంగీని చూపించి అతణ్ణి మోసగించారు. ఈ మధ్యలో మామ లాబాను అతనికి చేసిన మోసం సరేసరి. డెబ్బదిమంది రాజుల చేతుల, కాళ్ల బొటనవేళ్లు కోయించిన అదోనీ బెజెకుకు అదే శిక్ష పడినప్పుడు, తాను చేసినట్టే దేవుడు తనకు చేశాడని అతడే ఒప్పుకున్నాడు (న్యాయాధిపతులు 1:7). మనం కొలిచిన కొలతతోనే మనకు మరల కొలవబడుతుందని ప్రభువే చెప్పాడు కదా (లూకా 6:38). ఇన్ని సాక్ష్యాలుండగా దీనిని నియమమనడానికి జంకితే, కీడు చేసేవాడికి ఆ కాస్త భయం కూడా లేకుండా పోతుంది.

రెండవ సభ్యురాలు:
సహోదరా, పౌలు కంటే ఎంతో ముందే దాదాపు ఇదే మాటను ఒకరు అన్నారు. అక్రమాన్ని దున్ని కీడును విత్తేవారు దానినే కోస్తారని, ఏ దోషం లేకుండానే సర్వం కోల్పోయిన యోబు ముఖం మీదనే అతని స్నేహితుడు ఎలీఫజు చెప్పాడు (యోబు 4:8). మాటలో తప్పు లేకపోయినా, బూడిదలో కూర్చున్న మనిషికి దానిని అంటగట్టినందువల్ల అది అబద్ధమైంది. చివరకు దేవుని కోపం ఎలీఫజు మీదనే రగిలింది (42:7). సిలోయము గోపురం కూలి చనిపోయిన పదునెనిమిదిమంది యెరూషలేములోని తక్కినవారందరి కంటే అపరాధులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే జవాబిచ్చాడు (లూకా 13:4-5). పుట్టుగుడ్డివాని విషయంలోనూ, ఎవరు పాపం చేశారన్న శిష్యుల ప్రశ్ననే ఆయన తోసిపుచ్చాడు.

మూడవ సభ్యుడు:
సందర్భాన్ని కూడా చూడాలి. గలతీ పత్రికలోని అదే అధ్యాయంలో 6వ వచనం ఉపదేశకుని పోషణ గురించి, 8వ వచనం శరీరాన్నిబట్టి, ఆత్మనుబట్టి విత్తడం గురించి మాట్లాడుతున్నాయి. అక్కడి పంట క్షయం లేదా నిత్యజీవం, అంతేగాని ఈ లోకంలో వచ్చే జబ్బో నష్టమో కాదు. అయితే 10వ వచనం అందరికీ మేలు చేయమంటున్నది కాబట్టి, ఇతరులతో మన నడవడికి ఈ మాటతో సంబంధమే లేదని కూడా అనలేము.

మొదటి సభ్యుడు:
యోబు నిర్దోషి గనుక ఆ ఉదాహరణను ఒప్పుకుంటాను. కానీ దోషం బట్టబయలైన చోట మాటేమిటి? తాము బానిసగా అమ్మివేసిన తమ్ముడు బతిమాలినా వినలేదు గనుకనే ఈ వేదన తమకు వచ్చిందని యోసేపు అన్నలు ఐగుప్తులో ఒప్పుకున్నారు (ఆదికాండము 42:21).

రెండవ సభ్యురాలు:
మీరు చూపిన ఇద్దరు సాక్షులనూ మరొకసారి గమనించండి. అదోనీ బెజెకు తన గురించే అన్నాడు, అన్నలు తమ గురించే అన్నారు. ఆ మాట అనడానికి అందరి కంటే ఎక్కువ హక్కున్న యోసేపు మాత్రం, తండ్రి చనిపోయాక అన్నలు భయపడుతూ వచ్చి సాగిలపడినప్పుడు, నేను దేవుని స్థానంలో ఉన్నానా అని అడిగి, వారినీ వారి పిల్లలనూ పోషిస్తానన్నాడు (50:19-21). నియమం లేదని నేను అనడం లేదు. పదివేల తలాంతుల కొండంత అప్పు మాఫీ అయినవాడు నూరు దేనారాల కొద్దిపాటి బాకీ కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్న ఉపమానంలో (మత్తయి 18) అతనికి ఆ పంట తప్పలేదు. అయితే తోటివాని మీద లెక్క తేల్చబోయినందుకే అతని లెక్క తిరగబడింది.

మొదటి సభ్యుడు:
బాగుంది. అయినా బాధితుల పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. నలిగిపోయినవాడు న్యాయం కోసం ఎదురుచూడడం కూడా తప్పేనంటే అది మరో క్రూరత్వమవుతుంది. హింసకు గురవుతున్న సంఘానికి, మిమ్మల్ని శ్రమపెట్టేవారికి శ్రమ కలుగజేయడం దేవునికి న్యాయమేనని పౌలే రాశాడు (2 థెస్సలొనీకయులకు 1:6).

మూడవ సభ్యుడు:
రాశాడు, ఆ వెంటనే, అది ప్రభువైన యేసు ప్రత్యక్షమయ్యేటప్పుడు జరుగుతుందని గడువు కూడా చెప్పాడు. బాధితుడు దానికోసం ఎదురుచూడవచ్చు, కీర్తనకారుల్లాగా మొరపెట్టవచ్చు. పక్క మంచం మీది రోగిని చూపించి ఆ దినం ఇప్పుడే వచ్చేసిందని ప్రకటించడానికి మాత్రం ఆ వచనంలో నాకు చోటు కనబడడం లేదు.