తమ్ముడు మూడోసారి మానేస్తానంటున్నాడు, ఈసారి నిలబడాలంటే మేం ఏం చేయాలి?

తోడబుట్టింది:

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూడు రోజులుగా రాస్తూ చెరిపేస్తూ ఉన్నాను. మా తమ్ముడికి 34 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా తాగుతున్నాడు, చివరి మూడేళ్ళు రోజూ, ఇప్పుడైతే పొద్దున లేవగానే మొదలు. రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చాం. మొదటిసారి ఇంటికొచ్చిన పదో రోజుకే తాగాడు. రెండోసారి రెండు నెలలు బాగానే ఉన్నాడు, హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ మామూలే. ఆ రెండుసార్లూ మేం ఏడ్చి, బతిమాలి పంపినవే. ఈసారి వాడే నా దగ్గరికొచ్చి "అక్కా, నా వల్ల కావట్లేదు, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. ఆ మాట వాడి నోట వినడం ఇదే మొదటిసారి.

పోయిన వారం ఎవరికీ చెప్పకుండా వాడంతట వాడే ఆపేశాడు. మర్నాటి సాయంత్రానికి చేతులు ఎంత వణికాయంటే, గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం నీళ్ళు చొక్కా మీదే పోయాయి. దుప్పటి చెమటతో తడిసిపోయింది. గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ చూడలేక తనే కొంచెం పోసి ఇచ్చింది, కాసేపటికి వణుకు తగ్గింది. అప్పట్నుంచి "నా చేత్తో నేనే వాడికి విషం పోశాను" అని కుమిలిపోతోంది.

నేను అడగాలనుకున్నవి ఇవి. ఇంట్లోనే మెల్లగా మాన్పించవచ్చా? తెలిసినవాళ్ళు ఒకరు, వాడికి తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర ఉంది, అది వేస్తే తాగితే వాంతులై తనే మానేస్తాడు అన్నారు, అది నిజమేనా? సెంటర్‌లో మళ్ళీ చేర్చాలంటే మంచిదని ఎలా తెలుసుకోవాలి? అన్నిటికంటే నాకు భయంగా ఉన్నది ఇంటికొచ్చాక సంగతి. రెండుసార్లూ ఇంటికొచ్చాకే జారిపోయాడు. మేం ఏం తప్పు చేశామో కూడా అర్థం కావట్లేదు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

రాత్రి డ్యూటీ:

అమ్మా, ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆవిడ విషం పోయలేదు. ఆ రాత్రి అంతకంటే పెద్ద ప్రమాదమే తప్పిపోయి ఉండొచ్చు. నేను డీ-అడిక్షన్ వార్డులో నర్సుగా 12 ఏళ్ళు చేశాను, మీరు రాసిన గోడ మీది పురుగులు నేను చాలామంది కళ్ళలో చూశాను.

ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుంది. ఇన్నాళ్ళూ మద్యం మెదడును మగతలో అణచి ఉంచుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుని ఉంటుంది. అణచేది హఠాత్తుగా పోతే ఆ వేగం మాత్రం అలాగే మిగిలిపోతుంది. చివరిగా తాగిన 6 గంటల నుంచే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోపే వస్తాయి. ఆ తర్వాత, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య, డిలీరియం ట్రెమెన్స్ అని ఒక స్థితి రావచ్చు. మనిషికి తను ఎక్కడున్నాడో తెలియదు, జ్వరం, బీపీ పెరగడం, లేనివి కనిపించడం. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే చెప్తున్నాను, ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా వాడిని సొంతంగా ఆపనివ్వకండి, ఇది వినడానికి విడ్డూరంగా ఉన్నా సరే. ఫిట్స్ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

సైకియాట్రిస్ట్‌ని కలవండి. కొందరికి ఇంట్లోనే రోజూ డాక్టర్ చూస్తూ మాత్రలతో ఆపించవచ్చు, కానీ మీ తమ్ముడికి ఇప్పటికే లేనివి కనిపించాయి కాబట్టి అడ్మిట్ చేయమనే అంటారని నా అంచనా. అక్కడ వణుకు, ఫిట్స్ రాకుండా డయాజెపామ్, లోరాజెపామ్ లాంటివి ఇచ్చి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ ఇస్తారు. చాలాకాలంగా తాగేవాళ్ళలో అది అడుగంటిపోయి ఉంటుంది, అందకపోతే చూపు, నడక, జ్ఞాపకం దెబ్బతింటాయి. ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి, రోజుకి ఎంత తాగుతాడో, చివరిగా ఎప్పుడు తాగాడో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సిగ్గుతో సగమే చెప్తే ఇచ్చే మోతాదు సగమే అవుతుంది, మూడో రాత్రి మేం పరిగెత్తాల్సి వస్తుంది.

ఇక అన్నంలో కలిపే మాత్ర. అది డైసల్ఫిరామ్. చేతులెత్తి దండం పెడుతున్నాను, ఆ పని చేయకండి. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులతో ఆగదు, బీపీ పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు. తాగి 12 గంటలైనా గడవకుండా అసలు మొదలుపెట్టకూడదు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌తో కూడా రియాక్షన్ వస్తుంది. తెలిసి, ఒప్పుకుని, లివర్ పరీక్షలు చేయించుకుని వాడితే కొందరికి అది ఆసరానే. తెలియకుండా వేస్తే అది ప్రమాదమే కాదు, ఏదో ఒకరోజు వాడికి తెలుస్తుంది, ఆ తర్వాత మీ ఇంట్లో వాడు నమ్మి నోట్లో పెట్టుకునే ముద్ద ఉండదు.

తాగాలన్న యావ తగ్గించడానికి వేరే మాత్రలున్నాయి, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్. అందరికీ సరిపడవు, లివర్, కిడ్నీలు చూసి ఇస్తారు. చాలా కుటుంబాలకు వీటి పేర్లే చెప్పరు కాబట్టి మీరే నోరు తెరిచి అడగండి.

దీన్ని చదివే ఇంకెవరైనా హెరాయిన్, నొప్పి మాత్రల లాంటి ఓపియాయిడ్ల అలవాటు ఉన్నవాళ్ళ గురించి వెతుకుతుంటే, అక్కడ లెక్క వేరు. కొన్నాళ్ళు ఆపి బయటికొచ్చాక ఒళ్ళు పాత మోతాదును తట్టుకోలేదు, అలవాటైనంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ప్రాణం పోయే ప్రమాదం అప్పుడు బాగా ఎక్కువ. ఆ అలవాటుకి డాక్టర్లు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఏళ్ళ తరబడి వాడాల్సి వచ్చినా అది వైద్యమే, ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందని ఆపించకండి. ఓపియాయిడ్ మోతాదు మించి ఊపిరి ఆగబోతే దానికి విరుగుడు నాలోక్సోన్, దొరికే చోట ఇంట్లో ఉంచుకోండి.

ఏడేళ్ళ కింద:

అక్కా, నేను మీ తమ్ముడి వైపు నుంచి రాస్తున్నాను. నేను మూడుసార్లు సెంటర్‌కి వెళ్ళాను. ఇప్పటికి ఏడేళ్ళయింది మానేసి, మధ్యలో ఒక్క రాత్రి తప్ప.

రెండుసార్లూ ఇంటికొచ్చాకే జారిపోయాడు అన్నారు కదా, నాదీ అంతే. సెంటర్‌లో ఆపడం నాకు కష్టం కాలేదు, తలుపు బయట గడి ఉంటుంది. నన్ను పడగొట్టింది సాయంత్రం. ఆఫీసు అయిపోయి బయటికొస్తే మలుపు దగ్గర కాళ్ళు వాటంతట అవే తిరిగేవి, నేను తిప్పినట్టు కూడా ఉండేది కాదు. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఏం చేయాలో తెలియదు. తొమ్మిదేళ్ళు ఆ గంటల్లో ఒకే పని చేసినవాడికి ఆ పని తీసేస్తే అక్కడ ఒక గొయ్యి మిగులుతుంది. మా ఇంట్లోవాళ్ళు తాగుడు పోయింది కదా అని సంతోషపడ్డారు, నేనేమో ఆ గొయ్యి అంచున కూర్చున్నాను.

మూడోసారి డిశ్చార్జ్‌కి ముందే కౌన్సిలర్ నాతో కూర్చుని గంటల వారీగా మొదటి వారం కాగితం మీద రాయించింది. ఆఫీసు నుంచి ఇంటికి వేరే దారి. ఆరున్నరకి, తాగుడు మానేసేవాళ్ళు కలుసుకునే మీటింగ్. మీటింగ్ లేని రోజు ఎవరితో నడకకి వెళ్తానో పేరుతో సహా. ఫోన్‌లోంచి పాత నంబర్లు తీసేయడం. చదివితే చిన్నపిల్లల టైంటేబుల్‌లా ఉండేది కానీ నన్ను నిలబెట్టింది అదే.

యావ గురించి నాకు ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. అది పెరుగుతూనే పోతుంది, తాగితే తప్ప ఆగదు అనుకునేవాణ్ణి. నిజానికి అది కెరటంలా లేచి, పడిపోతుంది, చాలాసార్లు అరగంట లోపే. అలాన్ మార్లట్ అనే సైకాలజిస్ట్ దీన్ని కెరటం మీద తేలడంతో పోల్చాడు. దాంతో కుస్తీ పట్టకుండా, ఒంట్లో ఎక్కడ ఉందో గమనిస్తూ ఉండిపోవడం. నాకు దవడల దగ్గర మొదలయ్యేది, నోట్లో నీళ్ళూరి దవడలు బిగుసుకునేవి. "ఆ, వచ్చింది" అనుకుని గడియారం చూసుకునేవాణ్ణి. మొదటిసారి 22 నిమిషాలు పట్టింది. ఆ 22 నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఉన్నప్పుడే అది గట్టిగా వస్తుంది, అందుకని ముందు అవి చూసుకోమనండి.

మీటింగుల సంగతి. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది, ఇద్దరు తాగుబోతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో. ఇప్పటికీ అందులో ఉన్న అసలు సరుకు అదే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మాదకద్రవ్యాలకైతే నార్కోటిక్స్ అనానిమస్ ఉంది. దేవుడు, పైశక్తి అనే మాటలు నచ్చనివాళ్ళకి స్మార్ట్ రికవరీ లాంటివి ఉన్నాయి, అవి ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే పద్ధతుల మీద నడుస్తాయి. అన్నిటికీ ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఒక మీటింగ్ చూసి నచ్చలేదని మానేయొద్దని చెప్పండి, నాకు నాలుగోది కుదిరింది.

ఇంకొకటి. మళ్ళీ ఒక్కసారి తాగితే అంతా పోయినట్టు కాదు. నేను ఏడాదిన్నర దగ్గర ఒక రాత్రి తాగాను. మునుపటి రెండుసార్లూ "ఇక అయిపోయింది, మొహం ఎలా చూపించాలి" అని నెలల తరబడి మునిగిపోయాను. ఆసారి మాత్రం మర్నాడు పొద్దున్నే మీటింగ్‌లో ఉన్న పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు, "ఎక్కడున్నావు, నేను వస్తున్నా" అన్నారు. జారితే గంటలోపు ఎవరికి ఫోన్ చేయాలో మీ తమ్ముడు ఇప్పుడే తేల్చుకోవాలి, జారాక కాదు.

మెట్ల మీద దీపం:

మీరు ఏం తప్పు చేశామో తెలియట్లేదు అన్నారే, అది చదివి రాయకుండా ఉండలేకపోయాను. మీరు ఈ జబ్బు తెచ్చిపెట్టలేదు. మీరు దీన్ని నయం చేయలేరు కూడా. కానీ మీ నడత వల్ల ఇంట్లో గాలి మారుతుంది.

నేను మావారు ఇంటికి రాగానే విప్పిన చొక్కా తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాసన చూసేదాన్ని. ఆయన మానేసి ఐదు నెలలైనా చూస్తూనే ఉన్నాను. ఒకరోజు వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. ఆ చూపు ఇప్పటికీ గుచ్చుతుంది. తర్వాత కుటుంబాల కోసం ఉండే ఆల్-అనాన్ మీటింగులకు వెళ్ళడం మొదలుపెట్టాను, ఆయన కోసం కాదు, నాకు నిద్ర పట్టక.

సీసాలు వెతకడం, జేబులు చూడటం, ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, ఇవన్నీ మెల్లగా మానేయండి. డబ్బు సంగతి దాచిపెట్టడంగా కాకుండా అతనితో కూర్చుని మాట్లాడుకోండి, "మొదటి మూడు నెలలు జీతం అక్క దగ్గర ఉంచుతాను" అని తనే అంటే అది వేరు. తాగి ఉన్నప్పుడు వాదించకండి. తాగని రోజున పక్కన కూర్చోండి, ఆ రోజు బాగుందని నోరు తెరిచి చెప్పండి. మనం తాగిన రోజే గొడవ చేస్తాం, తాగని రోజు మామూలే అన్నట్టు వదిలేస్తాం. క్రాఫ్ట్ అనే కుటుంబ శిక్షణలో ముఖ్యంగా నేర్పేది ఇదే, మంచిగా ఉన్న రోజుకి మన దగ్గర స్పందన ఉండాలని. కొట్టడం, వస్తువులు విసరడం ఉంటే మాత్రం ఈ ఓపికలన్నీ పక్కన పెట్టి ముందు మీరు సురక్షితంగా ఉండే చోటికి వెళ్ళండి.

నిలబడ్డ చెట్టు:

సెంటర్ గురించి మాత్రం చెప్తాను. మా అన్నయ్యను ఒకచోట చేర్చాం. నెల రోజులు ఫోన్ ఇవ్వలేదు. వచ్చాక చూస్తే మణికట్ల మీద కట్టేసిన గుర్తులు. అందుకని చేర్చే ముందు వెళ్ళి చూడండి. డాక్టర్ రోజూ వస్తాడా, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరుంటారు, ఇంటివాళ్ళు ఎప్పుడు మాట్లాడొచ్చు, లైసెన్సు ఉందా, డిప్రెషన్ లాంటివి ఉంటే చూస్తారా, బయటికొచ్చాక ఏర్పాటు ఏంటి. లోపలున్నవాళ్ళతో ఒక్క మాట మాట్లాడనివ్వమనండి. గ్యారంటీగా మాన్పిస్తాం అన్నవాళ్ళ దగ్గర ఆగొద్దు.

తోడబుట్టింది:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. రాత్రి డ్యూటీ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, వారం తర్వాత మొదటిసారి నిద్రపోయింది.

నిన్న సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాం. ఎంత తాగుతావు అని అడిగితే తమ్ముడు నా వైపు చూసి, "అక్కా, నువ్వు కాసేపు బయట కూర్చో" అన్నాడు. బయటికొచ్చాక చెప్పాడు, రెండుసార్లూ సెంటర్‌లో సగమే చెప్పాడట. సోమవారం అడ్మిట్ అవుతున్నాడు. అప్పటిదాకా ఏం చేయాలో, ఎంతకి మించకూడదో, ఏమైతే వెంటనే రావాలో డాక్టర్ గారు రాసిచ్చారు. నాల్ట్రెక్సోన్ గురించి నేనే అడిగాను, లివర్ రిపోర్టులు వచ్చాక మాట్లాడదాం అన్నారు.

ఏడేళ్ళ కింద గారూ, మీరు రాసింది వాడు రెండుసార్లు చదివాడు. 22 నిమిషాలు అన్న చోట ఆగిపోయి, "ఇంతేనా అక్కా?" అన్నాడు. వాడు మీతో ఒకసారి మాట్లాడొచ్చా అని అడగమన్నాడు.

ఏడేళ్ళ కింద:

ఇక్కడే మెసేజ్ పెట్టమనండి అక్కా, నా నంబర్ ఇస్తాను. సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఈ సాయంత్రం ఆరున్నరకే చేయమనండి.