పాత కారు హెడ్‌లైట్లకు ఎల్‌ఈడీ బల్బులా, కొత్త వైరింగా? ఇంట్లో చేసుకునేవాళ్లకు ఏది మంచిది?

భద్రాద్రి_బండి
నాన్నగారి 2009 వ్యాగన్ఆర్ ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇంజన్ బాగుంది, లైట్లే బాధ. రాత్రిపూట కొత్తగూడెం నుంచి ఖమ్మం వస్తుంటే ఎదురుగా వచ్చే బండి దాటిపోయాక కాసేపు రోడ్డు అంచే కనిపించదు. కోతల కాలంలో గడ్డి ట్రాక్టర్లు వెనక ఒక్క ఎర్ర లైటు కూడా లేకుండా వెళ్తుంటాయి, నా భయమంతా అదే. షెడ్డులో 100/90 వాట్ల (దూరం చూపే హై బీమ్‌కి 100, కిందికి వంగే లో బీమ్‌కి 90) హాలోజన్ బల్బులు వేయమన్నారు. మా తమ్ముడేమో హెచ్4 (రెండు బీమ్‌లూ ఒకే బల్బులో ఉండే రకం) ఎల్‌ఈడీ జత తెప్పించుకో, మనమే మార్చేసుకోవచ్చు అంటున్నాడు. మల్టీమీటర్ వాడటం, వైర్లు కలపడం నాకు వచ్చు. ఏది చేయమంటారు?

రాత్రి_ప్రయాణం
కళ్లు మూసుకుని ఎల్‌ఈడీ వేసేయండి. నా పాత బండికి అదే వేశాను. హాలోజన్‌తో పోలిస్తే సగం కరెంటు చాలు, కాబట్టి పాత వైర్ల మీద భారం తగ్గుతుంది. లోపల కరెంటును నిలకడగా ఉంచే డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, అందువల్ల వోల్టేజి కాస్త తగ్గినా వెలుగు తగ్గదు. హోల్డర్ కాలదు, స్విచ్ కాలదు. కొత్త బండ్లన్నీ తెల్ల లైట్లతో వస్తుంటే మనం ఒక్కళ్లం పసుపు దీపంతో పోవడం ప్రమాదం. ముందు మన ప్రాణం చూసుకోవాలి కదా.

ఆటో_ఎలక్ట్రికల్_ఏలూరు
భద్రాద్రి గారూ, ఏదీ కొనకముందు ఒక్క పని చేయండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి, లో బీమ్ వేసి, బల్బు వెలుగుతుండగానే కప్లర్ (బల్బుకు వైర్లు తగిలించే ప్లగ్గు) వెనక నుంచి మీటరు సూది గుచ్చి వోల్టేజి చూడండి. తర్వాత బ్యాటరీ దగ్గర చూడండి. రెండింటికీ ఎంత తేడా ఉందో అదే మీ అసలు జబ్బు.

హాలోజన్ బల్బు సంగతి చాలామందికి తెలియదు. వోల్టేజి 10 శాతం పడిపోతే వెలుగు 10 శాతం కాదు, దాదాపు 30 శాతం పోతుంది. పాత బండ్లలో కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్సుకు, అక్కడి నుంచి స్టీరింగ్ కింది స్విచ్‌కి, మళ్లీ ముందుకు వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కో కప్లర్‌లో పచ్చటి చిలుము పడుతుంది, బాడీ ఎర్త్ బోల్టు తుప్పు పడుతుంది. బల్బు మంచిదే, దానికి తిండి అందడం లేదు. దీనికి మందు కొత్తగా రిలే వైరింగ్. రిలే అంటే కరెంటుతో నడిచే చిన్న స్విచ్, పాత వైరు దాన్ని నడిపిస్తే చాలు, బల్బుకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది.

100/90 మాత్రం వద్దు. హై బీమ్‌లో రెండు 60 వాట్ల బల్బులు కలిపి 10 ఆంప్స్ లాగుతాయి. రెండు 100 వాట్లవైతే 17 దాకా వెళ్తుంది. అదే స్విచ్, అదే సన్నటి వైరు. హోల్డర్ ప్లాస్టిక్ కరిగి బల్బు పిన్నులకు అంటుకుపోయిన బండ్లు మా షాపుకి వస్తూనే ఉంటాయి.

ఎల్‌ఈడీకి కరెంటు తక్కువ చాలన్న మాట నిజమే, ఒప్పుకుంటాను. గొడవంతా వెలుగు ఎటు పడుతుందన్న దగ్గరే. హెచ్4 హాలోజన్ బల్బును చేతిలో పట్టుకుని చూడండి, గాజు మాత్రం ముట్టుకోకండి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె కనిపిస్తుంది. దానివల్ల వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలి రోడ్డు మీదికి దిగుతుంది. మీ బండి రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ సన్నటి తీగ ఉన్న చోటును బట్టి లెక్కగట్టినవి. ఎల్‌ఈడీలో తీగ బదులు బల్లపరుపు చిప్పులు అటొకటి ఇటొకటి ఉంటాయి. అవి కొంచెం అటూ ఇటూ అయినా వెలుగు పైకి చిమ్ముతుంది, ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

రాత్రి_ప్రయాణం
అన్నా, మీరు చెప్పేది చవక రకాల సంగతి. మంచివాటిలో చిప్పు సన్నగా, ఫిలమెంట్ ఉండే చోటే ఉంటుంది, కింద రేకు కూడా ఉంటుంది. మా కాంపౌండ్ గోడ మీద కట్ లైను, అంటే లో బీమ్ వెలుగు పైన ఆగిపోయే అంచు, గీత గీసినట్టే పడుతోంది. బండి ముందు రోడ్డంతా పట్టపగల్లా ఉంది. ఎదుటివాళ్లు డిప్పర్ కొట్టడం కూడా లేదు.

ఆటో_ఎలక్ట్రికల్_ఏలూరు
గీత పడటం ఒక్కటే చాలదు తమ్ముడూ, గీతకు పైన ఎంత వెలుగు కారుతోందో చూడాలి. గోడకు బాగా దగ్గరగా నిలిపితే ఏ బల్బైనా ముద్దుగానే కనిపిస్తుంది.

ఇంకో మాట. బండి ముందు పట్టపగల్లా ఉందన్నారు చూడండి, నన్ను భయపెట్టేది అదే. ముక్కు ముందు రోడ్డు మరీ తెల్లగా మెరిస్తే కంటిపాప ముడుచుకుపోతుంది. దూరంలో ఉన్న ట్రాక్టర్ అప్పుడు ఇంకా చీకట్లోకి పోతుంది. 80లో వెళ్లేవాడికి కావలసింది బంపరు ముందు వెలుగు కాదు, దూరాన పడే వెలుగు. చాలా ఎల్‌ఈడీ కిట్లు దగ్గర వెలుగును పెంచి, దూరం వెలుగును తగ్గిస్తాయి. చూసేవాడికి మాత్రం లైటు బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

పైగా వెనక ఫ్యాను, హీట్ సింక్ ఉంటాయి. రబ్బరు కవరు పట్టక చాలామంది తీసేస్తారు. దాంతో దుమ్ము, వాన నీళ్లు లోపలికి పోయి రిఫ్లెక్టర్ వెండి పూత మాసిపోతుంది. ఆ పూత పోతే తుడిచినా రాదు.

గన్నవరం_బైకర్
కార్ల వాళ్లు మాట్లాడుకుంటున్నారు కాబట్టి బైకు మీద వెళ్లేవాళ్ల మాట కూడా వినండి. నేను రాత్రి షిఫ్ట్ ముగించుకుని ఇంటికి వస్తాను. హెల్మెట్ అద్దం మీద గీతలు, దాని మీద వాన చినుకులు. ఎదురుగా అలాంటి తెల్ల లైటు పడితే అద్దమంతా తెల్లబడిపోతుంది. గుంత ఉందో, గేదె ఉందో, రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు. డిప్పర్ కొట్టలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకోకండి. రెండు చేతులతో బండి నిలబెట్టుకోవడానికే సరిపోతుంది మాకు. మీ ప్రాణం సంగతి సరే, మాదీ ప్రాణమే.

మ్యూనిక్_తెలుగు
జర్మనీ సంగతి చెబుతాను, ఇద్దరికీ పనికొస్తుంది. ఇక్కడ హాలోజన్ హెడ్‌లైట్లో ఎల్‌ఈడీ బల్బు వేయడం చాలాకాలం చట్టవిరుద్ధం. 2020లో మొదటిసారి ఆస్రామ్ వాళ్ల బల్బుకు అనుమతి వచ్చింది, తర్వాత ఫిలిప్స్ వాళ్లకూ వచ్చింది. అయితే ఆ అనుమతి బల్బు ఒక్కదానికే కాదు. ఏ కారు, ఏ హెడ్‌లైటు అని జాబితా ఉంటుంది. ఆ జాబితాలో మన మోడల్ ఉంటేనే వేయాలి. అంటే సరిగ్గా చేస్తే ఎల్‌ఈడీ కుదురుతుంది, కానీ ప్రతి హెడ్‌లైటులోనూ విడిగా పరీక్షించాలి. వ్యాగన్ఆర్ రిఫ్లెక్టర్‌తో ఎవరు పరీక్షించారు?

రాత్రి_ప్రయాణం
ఇది మంచి పాయింటు. అయినా నా మాట నాది. రిలే వైరింగ్ అందరికీ రాదు. చేతకానివాడు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా వైరు లాగితే బండే తగలబడుతుంది. వాళ్లకు ఎల్‌ఈడీయే నయం.

ఆటో_ఎలక్ట్రికల్_ఏలూరు
చేతకానివాళ్లు షాపులో చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చేం కాదు. చట్టం సంగతీ తెలుసుకోండి. ఎదుటివారి కళ్లు చెదరకుండా లైటు కిందికి వంగి ఉండాలని 1989 కేంద్ర నిబంధనల్లోనే ఉంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు చేయిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

భద్రాద్రి_బండి
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 13.9, బల్బు దగ్గర 12.2 వచ్చింది. హెడ్‌లైటు అద్దం కూడా పసుపెక్కి, పై భాగం గరుకుగా ఉంది.

ఆటో_ఎలక్ట్రికల్_ఏలూరు
1.7 వోల్టులు దారిలోనే పోతున్నాయి, అంటే వెలుగులో మూడో వంతుకు పైనే. పసుపెక్కిన అద్దం మిగిలినదాన్ని తింటోంది.

అద్దంతో మొదలుపెట్టండి. నీళ్లు పోస్తూ 1000 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 2000, తర్వాత 3000, ఆపైన పాలిషింగ్ కాంపౌండ్. చివర ఎండ నుంచి కాపాడే యూవీ క్లియర్ కోటు తప్పనిసరి, లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే వచ్చే మెరుపు నిలవదు.

తర్వాత రెండు రిలేలు, ఒకటి లో బీమ్‌కి, ఒకటి హై బీమ్‌కి. పాత కప్లర్ రిలేను నడిపిస్తే చాలు, బల్బుకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో వస్తుంది. కొన్ని బండ్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, మీటరుతో చూసుకున్నాకే వైర్లు కలపండి. బల్బులు మాత్రం 60/55 మంచి కంపెనీవే వేయండి.

చివరికి సమతలంగా ఉన్న చోట గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, హెడ్‌లైటు మధ్య ఎత్తుకంటే కట్ లైను 10 సెంటీమీటర్లు కిందికి పడేలా స్క్రూ తిప్పండి.

భద్రాద్రి_బండి
ఆదివారం మొదలుపెడతాను. ఫ్యూజు బ్యాటరీ దగ్గర ఒకటి చాలా?

ఆటో_ఎలక్ట్రికల్_ఏలూరు
బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంప్స్‌ది ఒకటి పెట్టండి, వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుంటే కాపాడేది అదే. ఒక్కో రిలే దాటాక ఎడమ లైటుకు ఒకటి, కుడి లైటుకు ఒకటి 10 ఆంప్స్‌వి విడిగా పెట్టండి. ఒక బల్బు దగ్గర షార్టయినా రెండోది వెలుగుతూ ఉంటుంది, బండిని పక్కకు తీసుకోగలుగుతారు.